సాబు పెద్దవాడయ్యాక

(బెంగళూరులో తెలుగువాళ్ళు కలుసుకునే ఒక ఆదివారం సభలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా, సభికుల ప్రశ్నలతో సహా ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం.

పిలుపులో "వలస వెళ్ళిన సినిమా నటుడు" అని వేసేసరికి చాలామంది మద్రాసు కబుర్లు చెబుతాననుకున్నట్టున్నారు. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన ఇందాకే అడిగారు, "రంగారావు గారి గురించేనా అండీ?" అని. ఈసారికి కాదండీ. రంగారావు గారైనా, చిర్రావూరు నుంచి వెళ్ళిన సావిత్రి గారైనా వేషాల మీద ఆశతో తమంతట తాము బయల్దేరినవాళ్ళు. టి.నగర్‌లో ఇళ్ళు కట్టుకున్నారు, వడపళని స్టూడియోల చుట్టూ ఒక తెలుగు ఊరే వెలిసింది. ఇవాళ చెప్పబోయే మనిషి సాబు, లండన్ సినిమాల్లో, హాలీవుడ్ సినిమాల్లో వేసిన నటుడు. ఆయన్ని వేరేవాళ్ళు ఓడెక్కించి తీసుకెళ్ళారు. అప్పటికి ఆయన చిన్నపిల్లాడు.

పైగా మనకి మద్రాసు కంటే దగ్గరి ఊరివాడు. కబిని సఫారీకి వెళ్ళొచ్చినవాళ్ళు ఓసారి చేతులెత్తండి. (సగం పైగా చేతులు లేచాయి.) చూశారా! నల్ల చిరుత కనిపించిందా లేదా అన్నది తర్వాత మాట్లాడుకుందాం. ఆ జంగిల్ లాడ్జి ఏ ఊళ్ళో ఉందో గుర్తుందా? కారాపుర. మైసూరు జిల్లా, హెగ్గడదేవనకోట తాలూకా. సాబు పుట్టింది ఆ ఊళ్ళోనే. 1924 జనవరి 27న, మైసూరు మహారాజు ఏనుగుల్ని చూసుకునే ఒక మావటి ఇంట్లో. పొద్దున్నే స్వెట్టర్లు వేసుకుని అక్కడ జీపులెక్కే మనవాళ్ళలో ఈ సంగతి ఎందరికి తెలుసో మరి.

పుస్తకాల్లో ఆయన పేరు సాబు దస్తగీర్ అని కనిపిస్తుంది. నిజానికి దస్తగీర్ అన్నది వాళ్ళన్న పేరు. కాగితాలు రాసినవాళ్ళు తికమకపడి తమ్ముడికి తగిలించారు, అలాగే ఉండిపోయింది. పాస్‌పోర్టు ఫారంలో ఇంటిపేరు ముందు రాయాలా వెనక రాయాలా అని తలలు పట్టుకున్న తెలుగువాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. (నవ్వులు)

సాబు గురించి చెప్పాలంటే ముందు ఖెడ్డా గురించి చెప్పాలి. కాకనకోట అడవిలో జరిగేది. వందలమంది మనుషులు డప్పులు కొడుతూ, కాగడాలు పట్టుకుని అడవి ఏనుగుల మందని రోజుల తరబడి తోలుకొచ్చేవాళ్ళు. నది దాటించి, దుంగలతో కట్టిన దొడ్డిలోకి నెట్టి తలుపు వేసేసేవాళ్ళు. తర్వాత మచ్చికైన ఏనుగుల మీద మావటులు లోపలికి వెళ్ళి, అడవి ఏనుగుల్ని ఒక్కొక్కదాన్నే విడదీసి కాళ్ళకి మోకులు వేసేవాళ్ళు. ప్రాణాల మీద ఆశ వదులుకుని చేసే పని. వైస్రాయిలూ, ఇంగ్లండ్ యువరాజులూ వస్తే మహారాజు ప్రత్యేకంగా ఖెడ్డా ఏర్పాటు చేయించేవాడు. వాళ్ళు మంచెల మీద కూర్చుని తిలకించేవాళ్ళు. చివరి ఖెడ్డా 1971లో. ఆ తర్వాత కబిని డ్యామ్ వచ్చి ఆ చోటంతా నీళ్ళకింద పోయింది. మీరు పడవలో కూర్చుని ఏనుగుల గుంపుని ఫోటోలు తీసిన నీళ్ళు అవే.

ఆ మావటుల్లో జేను కురుబ గిరిజనులూ ఉండేవాళ్ళు, ముస్లింలూ ఉండేవాళ్ళు. పని తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. పిల్లాడు ముందు కావాడిగా మొదలుపెడతాడు. అంటే మావటికి సాయం: మేత కోసుకురావడం, ఏనుగుని ఏటికి తోలుకెళ్ళి ఒళ్ళు తోమడం. సాబుకి తల్లి ముందే పోయింది, తర్వాత తండ్రీ పోయాడు. మహారాజు గారి గజశాలే ఇల్లయింది. ఏమీ జరక్కపోయి ఉంటే ఆయన కూడా మావటి అయ్యేవాడు, ఏ దసరా ఊరేగింపులోనో ఒక మూల మనకి కనపడేవాడు.

జరిగిందేమిటంటే, 1935లో రాబర్ట్ ఫ్లాహర్టీ మైసూరు వచ్చాడు. 1922లో ఉత్తర కెనడాలోని ఎస్కిమోల మీద సినిమా తీసి ప్రపంచాన్ని అబ్బురపరిచిన అమెరికన్. ఆయన పద్ధతే అది, నటుల్ని పెట్టుకోడు, ఆ పని చేసుకు బతికే మనిషినే వెతికి పట్టుకుంటాడు. కిప్లింగ్ రాసిన ఏనుగుల పిల్లాడి కథ తీయాలి. డబ్బు పెడుతున్నది లండన్ నిర్మాత అలెగ్జాండర్ కోర్డా. సాబుని మొదట గుర్తించింది కెమెరామన్ ఆస్మండ్ బోరడైల్ అంటారు. ఇంగ్లీషు ముక్క రాదు. కానీ ఏనుగు తొండం మీద కాలు పెట్టి పైకి ఎగబాకే తీరు, నవ్వితే మొహమంతా వెలిగే తీరు, అవి ఎవరో నేర్పితే వచ్చేవి కావు. పెద్ద ఏనుగు కాలా నాగ్ వేషం మహారాజు ఏనుగు ఐరావతానిది.

ఫ్లాహర్టీ అడవిలో తిరుగుతూ ఫిల్ము మీద ఫిల్ము తీశాడు, కథ మాత్రం నడవలేదు. కోర్డాకి ఒళ్ళు మండింది. అందర్నీ లండన్ రప్పించి, కథ భాగాన్ని తమ్ముడు జోల్టన్ కోర్డా చేత డెన్హమ్ స్టూడియోలో తీయించాడు. సాబునీ, అన్ననీ ఓడెక్కించింది అందుకే. అందుకే ఆ సినిమా చూస్తుంటే అతుకులు కనిపిస్తాయి. మైసూరు అడవి మైసూరు అడవిలాగే ఉంటుంది, మరు నిమిషంలో తెల్ల నటులు మొహాలకి రంగు పూసుకుని ఏదో యాసలో మాట్లాడుతుంటారు. అయినా 1937లో వెనిస్ చలనచిత్రోత్సవంలో దర్శకత్వ బహుమతి ఫ్లాహర్టీకీ, జోల్టన్‌కీ కలిపి ఇచ్చారు. "ఎలిఫెంట్ బాయ్" సాబుని రాత్రికి రాత్రి పెద్ద తారని చేసింది. వయసు పదమూడు.

మరుసటి ఏడు "ది డ్రమ్". వాయవ్య సరిహద్దులో ఒక చిన్న యువరాజు, తన బాబాయి పన్నాగం నుంచి బ్రిటిష్ సైన్యాన్ని కాపాడే కథ. 1938లో మన దేశం ఎలా ఉడికిపోతోందో మీకు తెలుసు. ఈ సినిమా బొంబాయిలో, మద్రాసులో ఆడితే జనం ఊరుకోలేదు, గొడవలయ్యాయి, ఆట ఎత్తేయాల్సి వచ్చింది. సాబు తప్పేముంది, పద్నాలుగేళ్ళ కుర్రాడు, వేయమన్న వేషం వేశాడు. కానీ "తెల్లవాళ్ళ దర్బారులో మనవాడు" అన్న ముద్ర అప్పుడే పడిందని నా అనుమానం. ఇక్కడి పత్రికలకీ, ఇక్కడి సినిమావాళ్ళకీ ఆయన ఎన్నడూ పూర్తిగా సొంతమనిషి కాలేదు.

ఇక 1940లో "ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్". మనకి బాగ్దాద్ గజదొంగ అంటే 1968 నాటి ఎన్టీఆరే. (నవ్వులు, చప్పట్లు) ఆయన ఉండనే ఉన్నారు, ఎక్కడికీ పోరు. ఇందులో దొంగ పేరు అబు, సాబు వేషం అదే. మంత్రగాడు అబుని కుక్కగా మార్చేస్తాడు. సముద్రపు ఒడ్డున సీసా మూత తీస్తే కొండంత భూతం లేస్తుంది. అంతటి భూతాన్ని ఈ గుప్పెడు కుర్రాడు మాటలతో బోల్తా కొట్టించి మళ్ళీ సీసాలో దూరేలా చేస్తాడు. భూతంగా వేసిన రెక్స్ ఇంగ్రమ్ మహానటుడు. ఆయన పక్కన ఎవరైనా తేలిపోతారు. సాబు తేలిపోడు. భయపడుతూనే ఎత్తు ఆలోచిస్తున్నట్టు ఆ కళ్ళు కదులుతాయి చూడండి, అది నటన. అడవి పిల్లాడు సహజంగా ఉన్నాడని మెచ్చుకుంటే సరిపోయేది కాదు.

ఈ సినిమాలో నాకు ముచ్చటగా అనిపించే సంగతి ఇంకోటి ఉంది. తీసినవాళ్ళలో ఎందరో పరాయి గడ్డ మీద తలదాచుకున్నవాళ్ళు. కోర్డా అన్నదమ్ములు ముగ్గురూ హంగరీ యూదులు. సంగీతం మిక్లోష్ రోజా, ఆయనదీ హంగరీయే. దర్శకుల్లో ఒకరు లుడ్విగ్ బెర్గర్, జర్మన్ యూదు. దుష్ట మంత్రి జాఫర్‌గా వేసిన కాన్రాడ్ వైట్ యూదు భార్యతో హిట్లర్ జర్మనీ వదిలి వచ్చినవాడు. మధ్యలో యుద్ధం ముంచుకొచ్చింది. మిగిలిన షూటింగ్ అమెరికాలో పూర్తి చేశారు. సాబు కూడా వాళ్ళతో హాలీవుడ్ చేరాడు. సినిమాకి మూడు ఆస్కార్లు వచ్చాయి. కళా దర్శకత్వానికి వచ్చింది విన్సెంట్ కోర్డాకి. 1942లో అలెగ్జాండర్ కోర్డాకి బ్రిటిష్ ప్రభుత్వం సర్ బిరుదు ఇచ్చింది. వలసొచ్చినవాళ్ళందరికీ దారి ఒకటే కాదు అని ఇక్కడే తెలిసిపోతుంది. హంగరీ నుంచి వచ్చినవాడు పదేళ్ళు తిరిగేసరికి దొర అయిపోవచ్చు. మైసూరు నుంచి వచ్చినవాడు?

ఆ సినిమా చివర రాజు అంటాడు, ఈ అబుని బడికి పంపిస్తాను, పెద్దయ్యాక నా మంత్రిని చేస్తాను అని. బడి అన్న మాట వినగానే అబు మాయ తివాచీ ఎక్కి పారిపోతాడు. చూసే మనం చప్పట్లు కొడతాం. తెర మీద అబు పెద్దవాడు కాకుండా తప్పించుకున్నాడు. సాబుకి ఆ సౌకర్యం లేదు. 1942లో "జంగిల్ బుక్"లో మోగ్లీగా వేసే నాటికి ఆయనకి పద్దెనిమిదేళ్ళు. మీసాలొస్తున్నాయి. నన్నడిగితే ఆయన అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. గజశాలలో దొరికిన మాణిక్యం, అదృష్టం తలుపు తట్టింది, అంటూ అందరూ మొదటి అధ్యాయాన్నే చెబుతారు. నాకు మాత్రం ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఆయన ఏం చేశాడన్నదే ముఖ్యం.

కోర్డా దగ్గర్నుంచి యూనివర్సల్ కంపెనీకి మారాడు. "అరేబియన్ నైట్స్", "వైట్ సావేజ్", "కోబ్రా ఉమన్". రంగురంగుల సినిమాలు, బాగా ఆడాయి. హీరోయిన్ మరియా మాంటెజ్, డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చిన అమ్మాయి. హీరో జాన్ హాల్. మరి సాబు? హీరో స్నేహితుడు. చెట్టెక్కి దూకడం, కబురు మోసుకెళ్ళడం, నవ్వించడం. మన సినిమాల్లో అయితే రేలంగి గారికి అలాంటి వేషంలోనూ ఒక పాట, ఒక జంట ఉండేది. సాబుకి ఆ జంట కూడా లేదు. పదమూడేళ్ళప్పుడు సినిమాని భుజాన మోసినవాడు ఇరవై ఏళ్ళకి పక్క వేషానికి దిగాడు.

ఎందుకంటే, అప్పట్లో హాలీవుడ్ వాళ్ళు తమకి తాము ఒక నిబంధనావళి రాసుకున్నారు. 1934 నుంచి గట్టిగా అమలు చేశారు. తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ మధ్య ప్రేమ చూపించకూడదన్నది అందులో రాసి ఉంది. ఆసియావాళ్ళ గురించి అంత విడిగా రాయలేదు గానీ ఆచరణలో వాళ్ళకీ అదే వర్తించింది. చైనా రైతుల కథ తీస్తూ, అన్నా మే వాంగ్ లాంటి పేరున్న చైనీస్ అమెరికన్ నటిని కాదని, జర్మనీ నుంచి వచ్చిన లూయిస్ రైనర్‌కి చైనా రైతు భార్య వేషం ఇచ్చారు. హీరో తెల్లవాడు కాబట్టి, భార్య కూడా తెల్లదే కావాలి, ఇద్దరికీ రంగు పూస్తే సరి. రైనర్‌కి ఆ వేషానికి ఆస్కార్ కూడా వచ్చింది. ఇలాంటి చోట ఎదిగిన గోధుమరంగు యువకుడికి హీరోయిన్ ఎక్కడ దొరుకుతుంది? ఏనుగు మీద కూర్చున్న పిల్లాడిని చూసి ఎవరూ జంకరు. వాడే ఆరడుగుల దూరంలో నిలబడి ఒక అమ్మాయి వైపు చూస్తే మాత్రం కంపెనీ వకీళ్ళు లేచి కూర్చుంటారు.

(వెనక వరసలోంచి ఒక యువకుడు: సార్, ఆయనకి వీసా, సిటిజన్‌షిప్ సంగతులు ఎలా అయ్యాయి?)

బెంగళూరులో మాట్లాడుతూ ఈ ప్రశ్న రాకుండా ఉంటుందా! (నవ్వులు) కూర్చో నాయనా, చెబుతాను. 1923లో అమెరికా సుప్రీం కోర్టు భగత్ సింగ్ థిండ్ అనే సిక్కు సైనికుడి కేసులో తీర్పు ఇచ్చింది. భారతీయులు చట్టం చెప్పే అర్థంలో తెల్లవాళ్ళు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారు అని. అప్పటికే పౌరసత్వం వచ్చిన కొందరి దగ్గర వెనక్కి లాగేసుకున్నారు కూడా. మళ్ళీ చట్టం మారింది 1946లో, లూస్-సెల్లర్ చట్టం. అప్పుడైనా మన దేశం నుంచి ఎందరిని రానిచ్చారనుకుంటున్నారు? ఏటా వంద మందిని. (సభలో కలకలం) అవునండీ, దేశం మొత్తానికి కలిపి వంద. ఇప్పుడు మీ వీధిలోంచే అంతమంది వెళ్ళుంటారు.

ఆ చట్టం రాకముందే, యుద్ధం నడుస్తుండగా, 1944లో సాబు అమెరికా పౌరుడయ్యాడు. వైమానిక దళంలో పనిచేశాడు. బి-24 లిబరేటర్ బాంబర్ విమానం తోకలో కూర్చుని మెషిన్ గన్ పేల్చే పని. పసిఫిక్ సముద్రం మీద జపాన్‌తో యుద్ధం. తోక గన్నర్ అంటే విమానం ముందుకు పోతుంటే వెనక్కి తిరిగి కూర్చోవాలి, వెంటబడే శత్రు విమానం మొదట గురిపెట్టేది అతన్నే. స్టూడియో సిఫార్సుతో ఏ ప్రచార శాఖలోనో కూర్చుని యుద్ధం వెళ్ళదీసిన తారలు చాలామంది. సాబు డజన్ల కొద్దీ సార్లు ఎగిరాడు, డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పతకం తెచ్చుకున్నాడు. తెర మీద హీరో వేషం ఇవ్వడానికి వెనకాడినవాళ్ళు ఇక్కడ మాత్రం వెనకాడలేదు.

యుద్ధం నుంచి వచ్చాక ఆయన చేసిన వాటిలో ఒక్కటి మాత్రం ఎవరైనా చూడాల్సింది, "బ్లాక్ నార్సిసస్". మైకేల్ పావెల్, ఎమెరిక్ ప్రెస్‌బర్గర్ తీశారు, 1947లో వచ్చింది. మనకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడే. హిమాలయాల్లో పాత అంతఃపురంలో మఠం పెట్టుకున్న క్రైస్తవ సన్యాసినుల కథ. హిమాలయాలన్నీ ఇంగ్లండ్ స్టూడియోలో అద్దాల మీద గీసిన బొమ్మలే, ఆ సంగతి చెప్పినా నమ్మరు. సాబు అందులో యువ జనరల్. జరీ బట్టలు, మెడ నిండా నగలు, జేబురుమాలుకి లండన్ అత్తరు. చదువుకుంటానని సన్యాసినుల బడికి వస్తాడు. సినిమా పేరు ఆ అత్తరు పేరే. అమాయకత్వం, దర్పం, కాస్త వెర్రితనం అన్నీ కలిసిన కుర్రాడు. చాలా కాలం తర్వాత ఆయనకి చెట్టెక్కి దూకక్కర్లేని వేషం దొరికింది, ఎంత హాయిగా చేశాడో. ఒక అమ్మాయితో ప్రేమ కూడా ఉంది. ఆ అమ్మాయి కొండజాతి పిల్ల, వేసింది మాత్రం జీన్ సిమ్మన్స్ అనే ఇంగ్లీషు నటి, ఒళ్ళంతా రంగు పూసుకుని. ముక్కుకి నత్తు కూడా. ముఖ్యమైన వేషాల్లో రంగు పూసుకోని భారతీయుడు ఈయనొక్కడే.

రంగు మాట వచ్చింది కాబట్టి ఇంకో మనిషి గురించి చెప్పకుండా ఉండలేను. మెర్ల్ ఒబెరాన్. 1911లో బొంబాయిలో పుట్టింది, కలకత్తాలో పెరిగింది, ఆంగ్లో-ఇండియన్. లండన్ వెళ్ళి కోర్డా కంపెనీలో చేరింది. అదే అలెగ్జాండర్ కోర్డా, 1939లో ఆమెని పెళ్ళి కూడా చేసుకున్నాడు. ఆమె ఎక్కడ పుట్టిందంటే ప్రపంచానికి చెప్పింది టాస్మేనియా అని. జీవితాంతం అదే చెప్పింది. 1978లో టాస్మేనియాలోని హోబార్ట్ వాళ్ళు తమ ఊరి ఆడపడుచని సన్మానం పెడితే అక్కడికీ వెళ్ళింది. మరుసటి ఏడు చనిపోయింది. అసలు సంగతి తర్వాత బయటపడింది. ఆస్కార్‌కి నామినేషన్ వచ్చిన నటి, పెద్ద పెద్ద హీరోల పక్కన హీరోయిన్. ఒకే నిర్మాత, దాదాపు ఒకే కాలం. దేశాన్ని దాచుకున్నావిడకి ప్రేమకథలు దొరికాయి. సాబుకి దాచుకునే వీలు లేదు, ఆయన్ని తెచ్చిందే చూపించడానికి. ఎవరి బతుకు సుఖమంటే నేను చెప్పలేను. ఆవిడ రాత్రిళ్ళు ఎలా నిద్రపోయేదో నాకు ఊహకి అందదు.

(ఒక మహిళ: అంత పేరున్నాయన ఇక్కడికి వచ్చేయొచ్చు కదండీ? బొంబాయిలో హీరో అయ్యేవాడు కదా.)

మంచి మాట అడిగావమ్మా. వచ్చాడు. మెహబూబ్ ఖాన్ "మదర్ ఇండియా" తలపెట్టినప్పుడు బిర్జూ వేషానికి సాబుని అనుకున్నాడు. నర్గిస్ చిన్న కొడుకు, బందిపోటుగా మారేవాడు, ఆ బిర్జూ. సాబు బొంబాయి వచ్చాడు కూడా. కానీ అప్పటికి ఆయన అమెరికా పౌరుడు. ఇక్కడ పనిచేయడానికి పర్మిట్ కావాలి. మన ప్రభుత్వం ఇవ్వలేదు. (సభలో నిశ్శబ్దం) ఆ వేషం సునీల్ దత్‌కి వెళ్ళింది. ఆయన కూడా దేశ విభజనలో జీలం ప్రాంతం నుంచి వలసొచ్చినవాడే, ఆ వేషంతో ఆయన జాతకం మారిపోయింది, దానికి మనం సంతోషించాల్సిందే. ఆ సినిమా ఆస్కార్ దాకా వెళ్ళింది. సాబు మాత్రం బతికినన్నాళ్ళూ ఒక్క భారతీయ సినిమాలో వేయలేదు. కారాపురలో పుట్టిన మనిషికి ఇక్కడ పనిచేయడానికి కాగితం దొరకలేదు.

దీనికి అటువైపు చూడండి. ఫ్లాహర్టీ మైసూరు వచ్చిన 1935లోనే ఎల్లిస్ ఆర్. డంగన్ అనే అమెరికన్ మద్రాసు వచ్చాడు. ఎమ్జీఆర్ మొదటి సినిమా తీసింది ఆయనే, ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి "మీరా" తీసిందీ ఆయనే. ఇక్కడున్నన్నాళ్ళూ తమిళం నేర్చుకోలేదు. అయినా కుర్చీలో కూర్చుని తమిళ సినిమాలు తీశాడు, బాగా తీశాడు కూడా, ఇప్పటికీ కోడంబాక్కంలో గౌరవంగా తలుచుకుంటారు. బొంబాయిలో ఆస్ట్రేలియాలో పుట్టిన మేరీ ఇవాన్స్ నాడియా అయ్యి, కొరడా పట్టి "హంటర్‌వాలీ"గా జనాన్ని ఊపేసింది. సాబు ఇంగ్లీషు నేర్చుకున్నాడు, వాళ్ళ యుద్ధంలో విమానం ఎక్కాడు, అయినా మళ్ళీ ఏనుగు దగ్గరికే పంపారు.

మళ్ళీ ఏనుగు అంటే నిజంగానే. 1952లో లండన్ హారింగేలో సర్కస్‌లో ఏనుగులతో ప్రదర్శన ఇచ్చాడు. అదే ఏడు ఇటలీలో ఒక సినిమా. విట్టోరియో డి సికా బీద బడిపంతులు, సాబు సుల్తాను. రోములో తనకి ఊరు చూపించినందుకు సుల్తాను ఆ పంతులు గారి ఇంటికి ఏనుగుపిల్లని బహుమతిగా పంపిస్తాడు. అద్దె ఇల్లు, పిల్లలు, మెట్ల మీద ఏనుగు. (నవ్వులు) దాన్ని మాత్రం నేను క్షమించేశాను, సరదాగా ఉంటుంది. మిగతావి జంగిల్ అనీ, జాగ్వార్ అనీ, మాయ ఉంగరం అనీ చిన్న బడ్జెట్ సినిమాలు. పేర్లు చదివి వినిపించి మీ సమయం తినను.

ఇక్కడ ఒక్క మాట. సాబు కథ చెప్పేవాళ్ళంతా ఈ దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి "పాపం" అంటారు. నేననను. హాలీవుడ్‌లో చిన్నప్పుడు తారలైన తెల్ల పిల్లలు ఎంతమంది అప్పులపాలై, తాగుడుకి లోనై పోయారో చూడండి. ఈయన 1948లో మారిలిన్ కూపర్ అనే నటిని పెళ్ళి చేసుకున్నాడు. చిత్రమేమిటంటే, జాతులు కలిసిన పెళ్ళిళ్ళ మీద నిషేధాన్ని కాలిఫోర్నియా సుప్రీం కోర్టు కొట్టేసింది ఆ ఏడే. కాపురం చివరిదాకా నిలబడింది. ఇద్దరు పిల్లలు. కొడుకు రాక్ సంగీతంలోకి వెళ్ళాడు. కూతురు సినిమాలకి జంతువుల్ని తర్ఫీదు చేసే పని పట్టింది. మావటి గారి మనవరాలు కదా, ఎక్కడికి పోతుంది. సినిమాలు తగ్గాక సాబు, అన్న కలిసి ఫర్నిచర్ కొట్టు నడిపారు. వచ్చే వేషాల మీద ఆధారపడని మనిషి, తన బతుకు తాను చూసుకున్నాడు. ఇక్కడ చిన్న కొట్టు పెట్టుకుని ఇల్లు నిలబెట్టుకున్న తెలుగువాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు, మిమ్మల్ని ఎవరైనా పాపం అంటే ఊరుకుంటారా?

దెబ్బ తగలలేదని కాదు. 1960లో ఆ కొట్టులో దోపిడీ జరిగి అన్న చనిపోయాడు. కారాపుర నుంచి లండన్‌కీ, లండన్ నుంచి లాస్ ఏంజెలెస్‌కీ వెంట వచ్చిన అన్న. అమ్మా నాన్నా లేని పిల్లాడికి తల్లీ తండ్రీ ఆయనే, మేనేజరూ ఆయనే. ఇంటి భాషలో చిన్ననాటి సంగతులు మాట్లాడుకోవడానికి ఆ దేశంలో ఆయనకి ఇంకెవరున్నారు? హాలీవుడ్ బులెవార్డ్ కాలిబాట మీద సాబు పేరుతో నక్షత్రం పొదిగింది కూడా 1960లోనే.

1963 డిసెంబర్ 2న గుండెపోటుతో పోయాడు. ముప్ఫై తొమ్మిదేళ్ళు. చివరగా చేసింది డిస్నీ సినిమా, ఆయన పోయాక 1964లో వచ్చింది. అందులో పులిని సాకే రామ్ సింగ్ వేషం. చిన్న వేషమే. కానీ చూడండి, అందులో ఆయన ఆ పులి గురించి మాట్లాడేటప్పుడు పక్కనున్న నటులంతా నటిస్తున్నట్టు ఉంటుంది, ఆయన ఒక్కడికే ఆ జంతువు సంగతి తెలిసినట్టు ఉంటుంది.

(ముందు వరస పెద్దాయన: ఏది ముందు చూడమంటారు?)

"థీఫ్ ఆఫ్ బాగ్దాద్"తో మొదలుపెట్టండి, మనవల్ని పక్కన కూర్చోబెట్టుకుని. "బ్లాక్ నార్సిసస్" పిల్లలు పడుకున్నాక. "ఎలిఫెంట్ బాయ్" కథ కోసమైతే వద్దు. మొదట్లో సాబు కెమెరాకేసి తిరిగి అప్పుడప్పుడే నేర్చుకుంటున్న ఇంగ్లీషులో మనతో మాట్లాడతాడు, దాని కోసం చూడండి. తర్వాత నీళ్ళలో మునిగిపోక ముందరి కాకనకోట అడవి కోసం, ఆ మావటుల కోసం చూడండి. "కోబ్రా ఉమన్" మాత్రం మీ పూచీ మీద, తర్వాత నన్ను అనొద్దు. (నవ్వులు) ఇంకెవరైనా అడగాల్సింది ఉందా? ఆ చివర చెయ్యెత్తిన బాబుకి మైకు అందించండి.